పాలమూరులో ఒక ఇంటి ట్యూషన్: హోంవర్క్‌ను మళ్ళీ మా ఇంటికే పంపిన చోటు

మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ దాటాక లోపలికి తిరిగే కాలనీ సందుల్లో ఒకచోట, బోర్డు కూడా లేని పాత డాబా ఇంటి వరండాలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు సాయంత్రం పూట పిల్లలకు చదువు చెబుతున్నారు. గత జూన్ నుంచి మా ఇద్దరు పిల్లలను అక్కడికి పంపుతున్నాము. బాబు ఏడో తరగతి, పాప నాలుగో తరగతి. ఇద్దరివీ ప్రభుత్వ బడులే. ఒక్కొక్కరికి నెలకు 600 రూపాయల ఫీజు, సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం ఐదున్నర నుంచి ఏడుంబావు దాకా తరగతి, మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు మొత్తం 22 మంది పిల్లలు. ఇంతవరకు వింటే మన ఊళ్లో వీధికొకటి ఉన్న ట్యూషన్లకూ దీనికీ తేడా కనిపించదు. నేను ఇంత వివరంగా రాయడానికి కారణం, చేర్చుకునేటప్పుడే మేడమ్ పెట్టిన ఒక షరతు. హోంవర్క్‌లో చివరి భాగం తాను చేయించనని, అది ఇంట్లో మా ఎదుటే జరగాలని, మేము పక్కన కూర్చోవాలే గానీ జవాబు చెప్పకూడదని ఆమె ముందే చెప్పారు. ఆ పని తప్పుతుందనే ఆశతోనే ట్యూషన్ వెతుక్కుంటున్న నాకు ఆ మాట అప్పుడు ఏమాత్రం రుచించలేదు.

మా ఇంటి పరిస్థితి కొంత చెబితే తప్ప ఈ సమీక్ష అర్థం కాదు. నేను జడ్చర్ల దగ్గర బాదేపల్లి మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. మామూలు రోజుల్లో సాయంత్రం ఏడు గంటలకల్లా ఇల్లు చేరుకుంటాను గానీ, మక్కలూ పల్లికాయా దండిగా వచ్చే రోజుల్లో ఎనిమిది దాటుతుంది. మా ఆయన ఆర్టీసీలో డ్రైవరు. వారంలో మూడు రాత్రులు ఇంట్లో ఉండరు. నేను డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. బాబు రెండో తరగతి 2020-21లో, అంటే కరోనా మూలంగా బడులు మూతపడిన సంవత్సరంలో, దాదాపు ఇంట్లోనే గడిచిపోయింది. 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలైనప్పుడు వాడు నాలుగో తరగతికి వచ్చాడు. కూడికలూ తీసివేతలూ కుదురుకోవలసిన వయసులో బడి లేదు, కుదురుకుంటున్న సమయానికి భాష మారింది. వాడి చదువులో ఎక్కడ లోటు ఉందో నాకు తెలుసు. దాన్ని పూడ్చడం నా వల్ల కాదని, అది ఇంగ్లీషు వచ్చినవాళ్లు చేయవలసిన పని అని మాత్రం గట్టిగా నమ్మాను.

ఆ నమ్మకంతోనే ఆరో తరగతిలో వాడిని మరొక ట్యూషన్‌లో చేర్చాము. అది ఎక్కడిదో, ఎవరిదో ఇక్కడ చెప్పను; అటువంటివి అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి. నెలకు 800 రూపాయలు తీసుకునేవారు. బాబు రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేసరికి హోంవర్క్ అంతా పూర్తయి ఉండేది, అక్షరాలు చక్కగా ఉండేవి, బడిలో సార్లు ప్రతి పేజీకీ టిక్కు పెట్టేవారు, నేను నిశ్చింతగా వంట చేసుకునేదాన్ని. ఒక రాత్రి వాడి కాపీలో, అంటే నోటుబుక్కులో, 3/4కు 1/6 కలిపితే 11/12 అని రాసి ఉండటం చూసి, జొన్నరొట్టె వడ్డిస్తూ ఊరికే అదే లెక్క నోటితో అడిగాను. వాడు ఒక్క క్షణం కూడా ఆగకుండా 4/10 అన్నాడు. పైన 3, 1 కలిపితే 4, కింద 4, 6 కలిపితే 10 అని వాడి వివరణ. కాపీలో సరిగ్గా రాసినవాడివి నోటితో తప్పు ఎందుకు చెప్పావని అడిగితే, బోర్డు మీద సార్ చేస్తారు, మేమందరం దించుకుంటాము అని ఏ సంకోచమూ లేకుండా చెప్పాడు. వాడు అబద్ధం ఆడలేదు. హోంవర్క్ అంటే పూర్తయిన కాపీ అని మేమూ, ఆ ట్యూషన్ వాళ్లూ కలిసి వాడికి నేర్పించాము. ఆ సంవత్సరమంతా బడిలో సార్లు చూసింది బోర్డు మీది లెక్కను. మా వాడికి ఏమి రాదో వాళ్లకు తెలిసే దారి లేకుండా పోయింది.

ఇప్పటి ట్యూషన్‌లో చేరాలంటే తల్లిగానీ తండ్రిగానీ, లేకపోతే ఇంట్లో పిల్లవాడిని చూసుకునే పెద్దవాళ్లెవరైనా గానీ రెండు సాయంత్రాలు వచ్చి వెనుక గోడకు ఆనుకొని కూర్చోవాలి. నేను దుకాణంలో అడిగి రెండు రోజులు తొందరగా వచ్చి కూర్చున్నాను. ఆ రెండు రోజుల్లో చూసినదే ఈ ట్యూషన్ గురించి నేను చెప్పగలిగిన వాటిలో ముఖ్యమైనది. బాబు మళ్లీ అదే రకం లెక్కకు అదే రకం తప్పు జవాబు రాశాడు. మేడమ్ తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. ముందు ఒక రొట్టె బొమ్మ గీయించి, అందులో ముప్పావు భాగం నింపమన్నారు. తర్వాత మరొక రొట్టె గీయించి దాన్ని పది ముక్కలు చేసి నాలుగు నింపమన్నారు. "ముప్పావు రొట్టెకు ఇంకింత కలిపినవు కదా, కలిపినంక ఎక్కువ కావాలె, మరి తక్కువెట్లయింది?" అని అడిగి, పక్క పిల్లవాడి దగ్గరకు వెళ్లిపోయారు. ఆరేడు నిమిషాలు బాబు ఆ రెండు బొమ్మలనూ చూస్తూ ఉండిపోయాడు. వెనుక కూర్చున్న నాకు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆమె దూరం నుంచే నా వైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపారు. చివరికి వాడే ముక్కలు ఒక్క తీరుగా లేవు అన్నాడు. ఆ మాట వచ్చాకే ఆమె 4కు, 6కు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 12 ఎందుకు తీసుకుంటామో, రొట్టెను పన్నెండు ముక్కలు చేస్తే ముప్పావు అంటే 9 ముక్కలు, ఆరో వంతు అంటే 2 ముక్కలు ఎలా అవుతాయో చెప్పారు. ఒక్క లెక్కకు పావుగంట పట్టింది. ఆ పావుగంటలో పాత ట్యూషన్‌లో బోర్డు మీద పది లెక్కలు అయిపోయేవి.

ఇక ఇంటికి మిగిల్చే పని గురించి. అయిదు లెక్కలు ఉంటే మూడు అక్కడ చేస్తారు, రెండు ఇంటికి వస్తాయి. ఆరు ప్రశ్నలు ఉంటే రెండు ఇంటికి వస్తాయి. వాటితోపాటు ఒక చిన్న నోటుబుక్కు వస్తుంది. దానికి ఆమె పెట్టిన పేరు ఇంటి పుస్తకం. అందులో పెద్దవాళ్లు రోజుకు మూడు వరుసలు రాయాలి: పిల్లవాడు ఎన్ని గంటలకు కూర్చొని ఎన్నింటికి లేచాడు, ఎక్కడ ఆగిపోయాడు, అప్పుడు మీరు ఏమన్నారు. మూడో వరుసే అసలైనది. మొదటి వారం నేను నిజాయితీగా రాసినవి మళ్లీ చదువుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. "ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదా అన్నాను" అని ఒక రోజు, "నేనే చేసి చూపించాను" అని మరొక రోజు, "ఫోను మాట్లాడుతూ ఉన్నాను, చూడలేదు" అని ఇంకొక రోజు. మేడమ్ దేనికీ తప్పుపట్టలేదు. ప్రతి వరుస పక్కన ఆ సమయంలో అడగదగిన ఒక ప్రశ్న మాత్రం రాసి పంపేవారు. లెక్కలో ఏమి ఇచ్చారు, ఏమి అడిగారు, నీ మాటల్లో చెప్పు. ఇంతకుముందు ఇటువంటిది ఎక్కడ చేశావు? నీ జవాబు సరైనదో కాదో నువ్వే ఎట్లా చూసుకుంటావు? ఈ మూడు ప్రశ్నలకు ఇంగ్లీషు అక్కరలేదు, ఏడో తరగతి లెక్కలు వచ్చి ఉండనవసరం లేదు. నవంబరు నాటికి నా మూడో వరుసల్లో చాలావరకు ఈ ప్రశ్నలే ఉన్నాయి. మార్కెట్ రద్దీగా ఉన్న అక్టోబరు చివరి వారంలో మాత్రం కూర్చోకుండానే కూర్చున్నట్టు రెండు రోజులు రాశాను. తర్వాత ఆ సంగతి నేనే చెబితే, అటువంటి రోజున ఖాళీగా వదిలేయమని, ఖాళీ కూడా తనకు ఒక సమాచారమేనని అన్నారు.

నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించిన నియమం, పిల్లల తప్పును ఇంట్లో దిద్దకూడదనేది. పాప నాలుగో తరగతి తెలుగులో సంయుక్తాక్షరాల దగ్గర తడబడుతుంది. రాష్ట్రం అని రాయమంటే కింది ర ఒత్తు వదిలేసి రాష్టం అని రాస్తుంది, వస్త్రం కూడా అంతే. నేను ఇన్నాళ్లూ రబ్బరు తీసుకొని చెరిపి, సరిగ్గా రాయించి పంపేదాన్ని. తల్లిగా అది నా బాధ్యత అనుకున్నాను; మచ్చలేని కాపీ పంపడం బడి పట్ల గౌరవం అని కూడా అనుకున్నాను. నెలనెలా తల్లిదండ్రులతో జరిపే ఆదివారం సమావేశంలో ఒకసారి మేడమ్ దీని గురించే అరగంట మాట్లాడారు. హోంవర్క్ అనేది పిల్లవాడు బడికి రాసే ఉత్తరమని, అందులో తనకు ఏమి వచ్చో ఏమి రాదో రాసి ఉంటుందని, మనం దిద్ది పంపితే ఆ ఉత్తరం మారిపోతుందని ఆమె చెప్పారు. తప్పు కనిపిస్తే ఆ వరుస చివర పెన్సిలుతో ఒక చుక్క పెట్టాలి, అంతే. ఈ వరుసలో ఏదో ఉంది, నువ్వే చూసుకో అని ఆ చుక్కకు అర్థం. పిల్లవాడు పట్టుకొని దిద్దుకుంటే మంచిదే. పట్టుకోలేకపోతే తప్పు అలాగే బడికి వెళ్లాలి. పాప కాపీ అలా వెళ్లిన మూడో రోజునే బడిలో టీచర్ సంయుక్తాక్షరాల మాటలు వేరుగా రాసి పంపారు. మూడో తరగతిలో సంవత్సరమంతా ఆ టీచర్లకు ఈ సంగతి తెలియకుండా చేసినది నా రబ్బరే. ఈ ఒక్క విషయం తెలుసుకోవడానికైనా ఈ ట్యూషన్‌కు ఇచ్చిన ఫీజు వృథా కాలేదని నేను అనుకుంటున్నాను.

తెలుగు మాధ్యమంలో చదివిన తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమంతోపాటు వచ్చిన పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఉంటాయి. ఒక పుటలో ఇంగ్లీషు, దాని ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో. మా ఇంట్లో ఆ పుస్తకాలు ఇన్నేళ్లుగా ఉన్నా, తెలుగు పుట చదివితే వాడికి ఇంగ్లీషు రాదేమోనన్న భయంతో నేనే ఆ వైపు చూడనిచ్చేదాన్ని కాదు. మేడమ్ పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. విజ్ఞానశాస్త్రంలోనూ సాంఘికశాస్త్రంలోనూ ముందు తెలుగు పుట ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చదవాలి, సంగతి ఏమిటో తెలుగులో చెప్పుకోవాలి, ఆ తర్వాత ఇంగ్లీషు పుట చదివి, తెలిసిన సంగతిని ఆ భాషలో గుర్తుపట్టాలి, జవాబు మాత్రం ఇంగ్లీషులో రాయాలి. ఫోటోసింథసిస్ అనే మాట మా వాడికి కంఠస్థం చేయవలసిన ఒక శబ్దంగానే ఉండేది. కిరణజన్య సంయోగక్రియ అన్న మాటను నేను విడదీసి, కిరణాల వల్ల పుట్టేది, కలవడం, పని అని చెబితే, ఎండ పడితే ఆకులో ఏవో కలుస్తాయన్నమాట అన్నాడు. ఏవి కలుస్తాయో చూద్దామని పుస్తకం తెరిచి, నీరు, కార్బన్ డై ఆక్సైడ్ అని వాడే వెతుక్కున్నాడు. అన్ని మాటలూ ఇలా కలిసి రావు. బాష్పోత్సేకం అన్న తెలుగు మాట కంటే ట్రాన్స్‌పిరేషన్ అనడమే వాడికి తేలికగా ఉంది, నాకూ అంతే. అక్కడ మాట గురించి పట్టుబట్టకుండా, పెరట్లో మల్లెకొమ్మకు పొద్దున్నే ఒక పారదర్శకమైన కవరు కట్టాము. మధ్యాహ్నానికి లోపల నీటి బిందువులు నిలిచాయి. నా చదువు నా పిల్లలకు పనికిరాదనుకొని మూడేళ్లు దూరంగా కూర్చున్నాను. ఏడో తరగతి దాకా పాఠంలోని సంగతి అంతా నాకు తెలిసిన భాషలోనే, నా చేతిలోనే ఉంది.

చదివినదాన్ని నిలుపుకోవడానికి ఇక్కడ పాటించే పద్ధతి కూడా ఇంటి మీదే ఆధారపడి ఉంటుంది. పాఠం అయిన రోజు పుస్తకం మూసి పెద్దవాళ్లకు చెప్పాలి, మరునాడు మళ్లీ రెండు నిమిషాలు, మూడో రోజు తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి చెప్పాలి. ఇది ఆమె సొంతంగా కనిపెట్టినది కాదు. మరపు గురించి జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకొని రాశాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు గానీ, వారం తర్వాత పెట్టిన పరీక్షలో చూడకుండా గుర్తుకు తెచ్చుకొని రాసినవాళ్లే ముందున్నారు. పిల్లవాడు పుస్తకం పట్టుకొని గంటసేపు పైకి చదువుతుంటే చదువు సాగుతోందని తృప్తిపడే మా వంటివాళ్లకు ఇది కనువిప్పు. పాపకు స్పెల్లింగులు పదిసార్లు రాయించడం కూడా అందుకే మాన్పించారు. ఒకసారి చూడాలి, చేత్తో మూయాలి, రాయాలి, తెరిచి పోల్చుకోవాలి, నాలుగుసార్లకే కుదురుతోంది.

ఈ పద్ధతి ఎవరి ఇంట్లో బాగా నడుస్తోందంటే, ఒక్క అక్షరం రాని అవ్వ ఉన్న ఇంట్లో. ఆరో తరగతి చదివే ఆ అబ్బాయి తల్లిదండ్రులు హైదరాబాద్‌లో కట్టడాల పనికి వెళ్లారు, వాడు అవ్వ దగ్గర ఉంటున్నాడు. పాలమూరులో ఇటువంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. చేర్చడానికి వచ్చినప్పుడు, నాకు సదువు రాదమ్మా, నేనేం గూసుంట అని ఆ పెద్దామె వెనుదిరిగిందట. మేడమ్ ఆమెకు మూడు పనులే అప్పగించారు. మనవడు పుస్తకం మూసి పాఠం చెబుతుంటే వినాలి. అర్థం కానిచోట ఎందుకు అని అడగాలి. వాడు అర్థమయ్యేటట్టు చెప్పినప్పుడల్లా ఇంటి పుస్తకంలో ఒక గీత గీయాలి. ఆమెకు నిజంగానే తెలియదు గనుక ఆమె అడిగే ప్రశ్నలు నిజమైన ప్రశ్నలు. నదికి ఆనకట్ట కడితే నీళ్లు ఎక్కడ ఆగుతాయి, పైనున్న ఊళ్లు ఏమైతాయి అని ఆమె అడిగితే, మనవడు మరునాడు వచ్చి మేడమ్‌ను అడిగాడు. జూరాల, శ్రీశైలం నీళ్ల కింద ఊళ్లూ పొలాలూ పోయిన ప్రాంతంలో పుట్టిన మనిషికి ఆ ప్రశ్న రావడంలో ఆశ్చర్యం లేదు. జనవరి సమావేశంలో పాఠం చెప్పమంటే మా వాడి కంటే ఆ అబ్బాయి నిదానంగా, వరుస తప్పకుండా చెప్పాడు. తల్లిదండ్రులకు చదువు వస్తేనే పిల్లల చదువుకు తోడ్పడగలరన్న నా అభిప్రాయాన్ని ఆ రోజు మార్చుకున్నాను.

ఫోను విషయంలో ఆమె నియమం చిన్నది. చదివే గంటలో ముందు పెద్దవాళ్ల ఫోను అలమరలోకి వెళ్లాలి. మా ఇంట్లో టీవీ పైన ఉండే పాత చెక్క బల్లను కిందికి దించి, కిటికీ దగ్గర ఒక మూల చదువుకే కేటాయించాము. ఏడున్నర నుంచి ఎనిమిదింబావు వరకు ఆ మూల తప్ప వేరే చోట కూర్చోరు. నేను పక్కన బియ్యం ఏరుతూనో, దుకాణం చిట్టా రాస్తూనో ఉంటాను. కూర్చునే ముందు బాబు తన డైరీ చూసుకొని, ఏ పనికి ఎన్ని నిమిషాలు పడుతుందో అంచనా రాసి, పూర్తయ్యాక అసలు పట్టిన సమయం పక్కన రాస్తాడు. మొదట్లో పది నిమిషాలు అనుకున్నది ముప్పై పట్టేది. ఇప్పుడు అంచనా చాలావరకు నిజమవుతోంది. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకొని పొద్దున ఆరున్నరకు లేస్తున్నాడు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్న లెక్కలో కింది గీతను ఇప్పటికి అందుకున్నాము. పాత ట్యూషన్ రోజుల్లో పదకొండు అయ్యేది.

ప్రాజెక్టు పనులకు దుకాణంలో తయారుగా దొరికే చార్టులూ థర్మకోల్ నమూనాలూ కొనవద్దని, తల్లిదండ్రులు చేసిపెట్టవద్దని ఆమె చెబుతారు. మేము ఒకటి కొన్నాము, తర్వాత మానేశాము. దాని గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

ఇప్పుడు లోపాలు. మొదటిది, పిల్లల సమయం. కేంద్ర విద్యాశాఖ 2020లో విడుదల చేసిన బడి సంచుల విధానంలో హోంవర్క్‌కు కూడా పరిమితులు రాశారు. రెండో తరగతి వరకు హోంవర్క్ ఉండకూడదు. మూడు నుంచి అయిదు తరగతులకు వారానికి 2 గంటలకు మించకూడదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు ఒక గంట, తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు రోజుకు 2 గంటలు గరిష్ఠం. ఈ లెక్కలను మాకు చూపించినది మేడమే. అటువంటప్పుడు ట్యూషన్‌లో గంటా ముప్పావు, ఇంట్లో ముప్పావు గంట కలిపితే ఏడో తరగతి పిల్లవాడికి రోజుకు రెండున్నర గంటలు అవుతోంది. నాలుగో తరగతి పాపకైతే ఇది మరీ ఎక్కువ. బడి నుంచి వచ్చి టిఫిను తిని ఐదున్నరకల్లా మళ్లీ సంచి తగిలించుకొని బయలుదేరే పిల్లలు ఎప్పుడు ఆడుకుంటారు? హోంవర్క్ తక్కువ ఉన్న రోజున ఆరున్నరకే పంపండి అని రెండుసార్లు అడిగాను. పిల్లలను తీసుకువెళ్లడానికి పెద్దవాళ్లు వచ్చే సమయం ఒక్కటే ఉండాలి గనుక కుదరదన్నారు. ఆ కారణం సబబే గానీ, పరిష్కారం ఆలోచించలేదన్న అసంతృప్తి నాకు ఉంది.

రెండోది, 22 మందికి ఆమె ఒక్కరే. పెద్ద తరగతుల పిల్లలకు ఒక్కో లెక్కకు పావుగంట ఇచ్చినప్పుడు మూడు, నాలుగు తరగతుల పిల్లలు రాసినదే మళ్లీ రాస్తూ కూర్చుంటున్నారు. మా పాప విషయంలో అక్కడ జరిగినదానికంటే ఇంట్లో జరిగినదే ఎక్కువ. హిందీ ఆమె చెప్పరు. తొమ్మిది, పది తరగతులను తీసుకోరు, కాబట్టి పదో తరగతి పరీక్షల కోసం చూసేవాళ్లకు ఈ చోటు కాదు. వర్షాకాలంలో వరండాలోకి జల్లు కొడుతుంది, దోమలూ ఎక్కువే. ఆగస్టులో నాలుగైదు రోజులు లోపలి గదిలో ఇరుకుగా కూర్చోబెట్టారు. నెలలో మొదటి ఆదివారం పది గంటలకు జరిగే సమావేశానికి తప్పకుండా రావాలన్న నియమం, సెలవు లేని పనుల్లో ఉన్నవాళ్లకు కష్టం. మా ఆయన ఎనిమిదింటిలో రెండింటికే రాగలిగారు. వచ్చిన రెండుసార్లూ ఆయనలో మార్పు కనిపించింది గనుకే ఈ సమావేశం ఏదైనా ఒక సాయంత్రానికి మారిస్తే ఎంతమంది తండ్రులు రాగలరో అనిపిస్తుంది.

ట్యూషన్ వెతుక్కునేవాళ్లు తెలుసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. ఈమె విరమణ చేసినవారు గనుక ఆ ఇబ్బంది లేదు. నెలకు 600 రూపాయలు కూడా భారమయ్యే ఇళ్లవారికి ఖర్చు లేని దారులు ఉన్నాయి. పాఠ్యపుస్తకాల మీద ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను 2017లో మొదలైన దీక్ష యాప్‌తో చూస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు తెరుచుకుంటాయి. రాష్ట్ర ప్రభుత్వం నడిపే టీ-శాట్ విద్య ఛానల్‌లో పాఠాలు వస్తాయి. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి మన పిల్లలకు బడి నడిచింది దూరదర్శన్ యాదగిరితోపాటు ఆ ఛానల్ మీదే. కానీ వీడియో చూసిన పిల్లవాడు దాన్ని ఎవరికో ఒకరికి చెప్పాలి, ఆ వినే మనిషి ఇంట్లో ఉండాలి. రాత్రి తొమ్మిది దాకా ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఉండని కుటుంబాలకు ఈ ట్యూషన్‌ను నేను సిఫారసు చేయలేను, ఎందుకంటే ఈ ట్యూషన్ పనిలో సగం ఇంట్లోనే జరగాలి. హోంవర్క్ పూర్తయిన కాపీ మాత్రమే కావాలనుకునేవాళ్లు కూడా రెండో వారంలోనే మానేస్తున్నారు. జూన్‌లో మాతోపాటు చేరినవాళ్లలో ముగ్గురు అలా వెళ్లిపోయారు.

ఫలితం అడిగేవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. బాబుకు గణితం తరగతి పరీక్షల్లో జూలైలో 20కి 9 వచ్చాయి, జనవరిలో 14. ఇంగ్లీషులో పెద్ద మార్పు లేదు. సామాన్యశాస్త్రం కాపీ మునుపటి కంటే గజిబిజిగా ఉంది, కొట్టివేతలు ఎక్కువ, అందులో వాడి సొంత వాక్యాలూ ఎక్కువే. భిన్నాల లెక్క తప్పు చేసినా ఇప్పుడు వాడే ఆగి, కలిపితే తగ్గిందేమిటి అని తిరిగి చూసుకుంటున్నాడు.

వచ్చే జూన్‌లో బాబును ఎనిమిదో తరగతికి అక్కడే కొనసాగిస్తాము. పాపను మాన్పిస్తున్నాము. దానికి కావలసిన గంట నేను ఇంట్లోనే ఇవ్వగలనని ఇప్పుడు నాకు తెలుసు, సాయంత్రం ఐదున్నరకు అది వీధిలో తోటి పిల్లలతో ఆడుకోవాలని నా కోరిక. మొన్నటి ఆదివారం ఈ సంగతి మేడమ్‌కు చెప్పడానికి చాలా సంకోచించాను. ఆమె మంచి నిర్ణయమన్నారు. ఇంటి పుస్తకం మాత్రం ఆపవద్దని, ఒక కొత్త నోటుబుక్కు తీసి మొదటి పేజీలో పాప పేరు రాసి ఇచ్చారు.